నాన్‌లోకల్ కానుగలు

ఆ ఏడు ఆషాఢం నాటికి గుత్తుల అబ్బులు చేతిలో ఉన్న ఆస్తి ఇది: కాలువగట్టున రెండెకరాల కౌలు నేల, ఒక బోరు, స్టీరింగు వదిలితే ఎడమకు లాగే మినీ లారీ, నూకరత్నం అనే భార్య, ఎవరికీ అక్కరలేని పన్నెండు వేల నాటు మొక్కలు. మొక్కల్లో కానుగలు ఏడు వేలు, రేల రెండు వేలు, తంగేడు పదిహేను వందలు, మిగతావి పొగడ.

రెండేళ్ళ కిందట చుట్టుపక్కల నర్సరీలన్నీ విదేశీ జాతి కోనోకార్పస్ పెంచుతుంటే అబ్బులు ఒక్కడే నాటు విత్తనం ఏరుకొచ్చి సంచుల్లో వేశాడు. అందులో నేల మీద భక్తి ఏమీ లేదు. కోనోకార్పస్ వేయించిన ప్రతి ఊరూ మూడో ఏడు దాన్ని తిట్టుకోవడం, నాలుగో ఏడు పీకించడం ఆయన చూశాడు. పీకిన గోతిలో ఇంకోటి పెట్టక తప్పదు. ఆ ఇంకోటి తన దగ్గర సిద్ధంగా ఉండాలన్నది లెక్క. లెక్క సరైనదే గాని కాలం కలిసి రాలేదు. జనం తిట్టుకుంటూనే ఉన్నారు, పీకడం లేదు. ఇక్కడ మొక్కలు నడుమెత్తు పెరిగి, వేళ్ళు సంచులు చీల్చుకుని నేలలోకి దిగుతున్నాయి. దసరాతో కౌలు తీరిపోతుంది. భూమి ఆసామి అప్పుడే ఒక మూల ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతించాడు. ఆ పండగలోగా పన్నెండు వేల మొక్కలూ ఎవరి గోతుల్లోకైనా వెళ్ళాలి, లేకపోతే ఎవరి పొయ్యిలోకైనా వెళ్ళాలి.

అలాంటి సమయంలో కాలువ అవతలి పెదమల్లవరం మున్సిపాలిటీ వారు ‘మన నేల, మన నీడ’ అనే పథకం ప్రకటించారు. పట్టణంలో పరాయి మొక్కలన్నీ తీసేస్తారట. పదిహేను వేల గోతులు తవ్వుతారట. ఆ గోతుల్లో స్థానిక మొక్కలు తప్ప మరేవీ పెట్టకూడదట.

అబ్బులు నవ్వుకుంటూ పేపరు మడిచి, లారీ తుడవడం మొదలుపెట్టాడు.

“అప్పుడే నవ్వకండి,” అంది నూకరత్నం. “పేపరోడు గొయ్యి తవ్వడు. తవ్వేవోడు ఇంకా మాట్లాడలేదు.”

*

తవ్వేవాడి పేరు దక్షిణామూర్తి. మున్సిపాలిటీలో సూపరింటెండెంటు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన నియామకాల విభాగం దాటి బయటికి రాలేదు. ఎవరు లోకలు, ఎవరు నాన్‌లోకలు అని తేల్చడంలో ఆయన చేతికింద నలిగిపోని నిరుద్యోగి ఆ తాలూకాలో లేడు. తోటల గుమస్తా రిటైరైపోతే, ఆ బల్ల మీది దస్త్రాలు కూడా ఈయన బల్ల మీదికి వచ్చాయి. వాటిలో అన్నిటికన్నా పైన ఉన్నది ‘మన నేల, మన నీడ’.

అబ్బులు ఒక కానుగ మొక్క తెచ్చి బల్ల పక్కన పెట్టాడు.

“సాంపుల్ అండి. ఇలాంటియ్యి ఏడు వేలున్నాయి. రేలా, తంగేడూ, పొగడా వేరే.”

దక్షిణామూర్తి కళ్ళజోడు సవరించుకుని మొక్కను పైనుంచి కిందికి చూశాడు, ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రవాడిని చూసినట్టు.

“ఇది స్థానికమని మీ వాదన.”

“వాదనేముందండి. కానుగ. మా తాతల్నాటి నుంచీ ఈ నేలదే.”

“తాతల ప్రసక్తి మాకు అనవసరం. పథకంలో స్థానికము అన్నారు గాని, ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. నిర్వచనం లేని చోట, ప్రభుత్వంలో ఇదివరకే అమలులో ఉన్న నిర్వచనమే వర్తిస్తుంది. గడచిన ఏడు సంవత్సరాలలో కనీసం నాలుగు సంవత్సరాలు, ఎడతెగకుండా, ఈ పరిధిలో నివసించి ఉండవలెను. ఈ అభ్యర్థి వయసెంత?”

అభ్యర్థి ఎవరో అబ్బులుకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

“రెండేళ్ళండి.”

“ఎక్కడ పెరిగింది?”

“మా నర్సరీలో. కాలవకి అటేపు.”

“కాలువ అవతల వేరే జిల్లా. జిల్లాలు విడదీసిన నాటి నుంచీ వేరే జిల్లా.” దక్షిణామూర్తి పెన్ను మూత పెట్టాడు. “నాన్‌లోకల్.”

“అయ్యా, దీని ఇత్తనం నేను ఏరింది మీ ఊరి శ్మశానంలోనండి. దాని తల్లి ఇప్పటికీ అక్కడే ఉంది. కావాలంటే చూపిస్తాను.”

ఈ మాటతో వ్యవహారం తేలిపోతుందని అబ్బులు అనుకున్నాడు. దక్షిణామూర్తి ముఖంలో జాలి కనిపించింది. ఇలాంటి తల్లిదండ్రులను ఆయన వందల మందిని చూశాడు.

“తల్లి స్థానికురాలే. పిల్లని పైజిల్లాలో చదివించారు. అటువంటి పిల్లలు నాన్‌లోకల్ అవుతారని ఎంతమందికి చెప్పినా అర్థం కాదు. మీరు ఒక్కరే కాదు లెండి, డాక్టర్లు కూడా వచ్చి ఇక్కడ ఏడ్చారు.”

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. పదిహేను శాతం ఓపెన్ కోటా ఉంది. అంటే రెండు వేల రెండు వందల యాభై గోతులు. వాటికి ఎవరైనా పోటీ పడవచ్చు, కాకపోతే ప్రతిభ నిరూపించుకోవాలి. మొక్కలకు రాతపరీక్ష పెట్టడం సాధ్యం కాదు గనుక దేహదారుఢ్య పరీక్ష చాలునని దక్షిణామూర్తి నిర్ణయించాడు. ఆయన దగ్గర ఉన్న కొలతల పట్టిక కానిస్టేబుళ్ళది.

మర్నాడు ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పరీక్ష జరిగింది. అబ్బులు ఏరికోరి ఇరవై మొక్కలు దింపాడు. ఎత్తు దగ్గర పంతొమ్మిది పోయాయి. ఇరవయ్యోది సన్నగా, పొడుగ్గా పెరిగిన కానుగ. నీడలో పెట్టడం వల్ల అలా సాగింది, నిజానికి నర్సరీ మొత్తంలో అంత బలహీనమైనది మరొకటి లేదు. అది ఎత్తులో నెగ్గింది. అటెండరు కాండం చుట్టూ టేపు చుట్టి కొలిచాడు.

“గాలి పీల్చినప్పుడు ఐదు సెంటీమీటర్లు పెరగవలెను,” అన్నాడు దక్షిణామూర్తి.

అందరూ కాసేపు చూశారు. మొక్క పెరగలేదు.

“పగలు వదుల్తుందండి,” అన్నాడు అబ్బులు, ఏదో ఒకటి అనాలి గనుక. “పీల్చేది రాత్రిపూట.”

“కార్యాలయ వేళల తరువాత పరీక్ష నిర్వహించే అధికారం నాకు లేదు.”

అబ్బులు ఇరవై మొక్కలనూ లారీ ఎక్కించుకుని ఇంటికి వచ్చాడు. రాను పోను ఇరవై కిలోమీటర్ల డీజిలు పోగా, ఆ రోజు ఆయనకు మిగిలింది ఒక సంగతి: ఈ మనిషితో మొక్కల గురించి మాట్లాడి లాభం లేదు.

*

పైజిల్లా మొక్కలు పనికిరావన్నాక, పట్టణంలో నాలుగేళ్ళు నివసించిన మొక్కలు ఏవో తేల్చాలి. గుర్తింపు బృందం బయల్దేరింది. ఇద్దరు గుమస్తాలు, ఒక సర్వేయరు, ఒక రిజిస్టరు. ప్రతి మొక్క నివాసానికీ ఇద్దరు స్థానికులు సాక్షి సంతకం చేయాలి.

పెదమల్లవరంలో పదేళ్ళుగా ఎవరూ నీళ్ళు పోసి ఏదీ పెంచలేదు. కాబట్టి నాలుగేళ్ళకు పైబడి ఎడతెగకుండా నివసిస్తున్నవి ఏవో వెతకడం కష్టం కాలేదు. రైల్వే రోడ్డు పొడవునా వయ్యారిభామ ఉంది. మురుగుకాలువ నిండా గుర్రపుడెక్క ఉంది. చెత్తకుప్ప చుట్టూ సర్కారు తుమ్మ కోటగోడలా ఉంది. చెత్తకుప్ప కాపలాదారు పైడయ్య తన పెళ్ళికి ముందు నుంచీ ఆ తుమ్మ అక్కడే ఉందని వాంగ్మూలం ఇచ్చాడు. పెళ్ళి తేదీకి రుజువుగా శుభలేఖ కూడా జతచేశాడు.

ఆ వారం అబ్బులు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళేసరికి, వయ్యారిభామకు స్థానికత ధ్రువపత్రం సంతకమై, గాలికి ఎగరకుండా దాని మీద పేపరు వెయిట్ పెట్టి ఉంది.

“అయ్యా, అది మన మొక్క కాదండి. అమెరికా నుంచి గోధుమల్తో వచ్చిందంటారు. దాన్ని తాకితే దురద, వాసన చూస్తే ఆయాసం.”

“ఎప్పుడు వచ్చింది?”

“డెబ్బై ఏళ్ళవ్వచ్చు.”

“అంటే మనిద్దరికంటే సీనియర్,” అన్నాడు దక్షిణామూర్తి. “పోనీ, దురద పుట్టించడం అనర్హత అని ఏ నిబంధనలో ఉందో చూపించండి. అలాగైతే ఈ ఆఫీసులో సగం మందిని తీసెయ్యాలి.”

ఇంకో దస్త్రం అంతకన్నా పెద్దది. ఆఫీసు ఆవరణలోని కోనోకార్పస్ మొక్కలు నాటి ఆరేళ్ళయింది. పరాయివని వాటిని అప్పటికే సగం పీకేశారు. ఆరేళ్ళ నివాసం ఉన్నవారిని పరాయివారంటూ తొలగించడం చెల్లదని దక్షిణామూర్తి నోట్ రాశాడు. పీకిన ఎనభై మొక్కలనూ చెత్తకుప్ప నుంచి వెనక్కి రప్పించి, పాత గోతుల్లోనే నిలబెట్టారు. బయట ఉన్న పదకొండు రోజుల కాలాన్నీ డ్యూటీగానే పరిగణించాలని ఉత్తర్వు వచ్చింది. మొక్కలు మాత్రం అప్పటికే ఎండిపోయాయి.

“ఎండినా సర్వీసు పోలేదు,” అన్నాడు అటెండరు అబ్బులుతో. “మా బాబాయికి ఆ అదృష్టం లేకపోయింది.”

శ్రావణం వచ్చేసింది. పెదమల్లవరం రింగురోడ్డు డివైడరు మీద వయ్యారిభామను జానెడు ఎడంలో వరసగా నాటారు. ఒక్కొక్క వరసకు ఒక్కొక్క బోర్డు: ‘స్థానికం.’ దాని కింద ధ్రువపత్రం నంబరు. మూడు వందల మంది కూలీలు చేతులకు గుడ్డలు చుట్టుకుని పనిచేశారు. సాయంత్రానికి మందుల దుకాణంలో దురద బిళ్ళలు అయిపోయాయి.

అబ్బులు ఆ రోడ్డున లారీ మీద వెళ్తూ అద్దం ఎత్తేశాడు. ఇంటికొచ్చి నర్సరీలో అటూ ఇటూ నడిచాడు. ఇంకా యాభై రెండు రోజులు. ఆసామి పాతించిన రాళ్ళు పొగడల వరస దాకా వచ్చాయి.

“ఒకడు వంటచెరుక్కి అడిగాడు, టన్ను లెక్క,” అన్నాడు భార్యతో. “ఇచ్చెయ్యనా?”

“మీరు వండుకు తింటారా ఆ డబ్బు?” అంది నూకరత్నం. “ఆళ్ళ రూలుతో మన మొక్క చెడింది. ఆ రూల్లోనే ఇంకో గుమ్మం ఉంటది. ఆ ఆఫీసోళ్ళందరూ ఏ గుమ్మంలోంచి వచ్చారో కనుక్కోండి ముందు.”

*

ప్రారంభోత్సవానికి కమిషనర్ హైమవతి గారు స్వయంగా వచ్చారు. ఆమె యువకురాలు, చురుకైనది. పథకం ఆమె ఆలోచనే. మొక్కల ఎంపిక మాత్రం కార్యాలయానికి వదిలేశారు, కార్యాలయాన్ని నమ్మారు గనుక.

“తరతరాలుగా నిర్లక్ష్యానికి గురైన మన స్థానిక వృక్షసంపదకు,” అని ఆమె మొదలుపెట్టి తుమ్మారు. “నేడు మనం గౌరవప్రదమైన,” అని మళ్ళీ తుమ్మారు. జనం పదకొండు దాకా లెక్కపెట్టారు. పన్నెండో తుమ్ముకి రిబ్బను దానంతటదే తెగింది. ఫొటోగ్రాఫర్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఫొటోలు తీశారు. మర్నాటి పేపర్లో అది ఏదో దాడి జరిగిన దృశ్యంలా పడింది.

రెండు రోజులకు అబ్బులు ఆఫీసుకు వెళ్ళేసరికి దక్షిణామూర్తి గదిలో తలపట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వయ్యారిభామ ప్రభావమో, కమిషనర్ గారి ప్రభావమో చెప్పడం కష్టం.

“మేడం గారికి తుమ్ములు తెప్పించని పచ్చదనం కావాలట,” అన్నాడు. “వచ్చే నెల మొదట్లో రాష్ట్ర బృందం తనిఖీకి వస్తోంది. నిబంధన మాత్రం అతిక్రమించకూడదట. నిబంధన ప్రకారం తుమ్ములే ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు నా ఫైలొకటి. పొడిగింపు ఇంకా రాలేదు.”

“తమరి ఫైలేంటండి?”

“నాది ఈ జిల్లా కాదండి. ఒక్క ఏడాదికని డెప్యుటేషన్ మీద వచ్చాను. ఏటా పొడిగిస్తున్నారు. ఇది పదకొండో ఏడు.”

అబ్బులు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

“డెప్యుటేషన్ అంటే, నాన్‌లోకల్ అయినా పర్లేదాండి?”

“పర్వాలేదు కాదు, నాన్‌లోకలే అయి ఉండాలి. స్థానికుణ్ణి ఎవరైనా డెప్యుటేషన్ మీద రప్పిస్తారా? మాతృసంస్థ ఒప్పుకోవాలి, వాడుకునే సంస్థ అడగాలి, అంతే. మూడేళ్ళు, కావాలంటే మరో రెండేళ్ళు.”

“జీతం?”

“వాడుకునే సంస్థే ఇస్తుంది.”

“అంటే,” అన్నాడు అబ్బులు నెమ్మదిగా, “మాది మాతృసంస్థండి. మా దగ్గర పన్నెండు వేల మంది ఖాళీగా ఉన్నారు. తమరు అడిగితే ఒప్పుకుంటాం.”

దక్షిణామూర్తి ముఖంలో మొదట అనుమానం, తర్వాత ఆలోచన, ఆ తర్వాత ఒక భక్తుడి ముఖంలో కనిపించే వెలుగు వరసగా వచ్చాయి. లేచి అలమరలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. అరగంటసేపు పుటలు తిప్పాడు. చివరికి పుస్తకం మూసి, “మొక్కలను పంపకూడదని ఎక్కడా లేదు,” అన్నాడు.

జీతం ఎంతని తర్వాత బేరం నడిచింది. అబ్బులు మొక్క ధర ముప్పై రూపాయలని మనసులో పెట్టుకుని ఉన్నాడు. దక్షిణామూర్తి, అన్నిటికన్నా చిన్న వేతన స్కేలు కన్నా ఇంకా చిన్నది కనిపెట్టి, మొక్కకి నెలకి రెండు రూపాయలు అన్నాడు. నీటి భత్యం ఇవ్వడం కుదరదట, నీళ్ళే ఇస్తారట. అరవై నెలలకి ఎంతవుతుందో అబ్బులు ఆయన వాక్యం పూర్తి చేసేలోగా కట్టేశాడు. ముఖం మాత్రం వేలాడేశాడు.

“చాలా తక్కువండి. కానీ ఊరి కోసం.”

*

పన్నెండు వేల సర్వీసు రిజిస్టర్లు అచ్చు వేయించారు. ఒక్కొక్క మొక్కకూ ఒక నంబరు, ఒక రిపోర్టు. చేరినట్టు సంతకం కావాలి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయాలి. వేలు లేనివాళ్ళ విషయం పైవారికి రాస్తే, ఆకుముద్ర చాలునని వెంటనే జవాబు వచ్చింది. అంత తొందరగా ఆ ఆఫీసు నుంచి ఇదివరకెప్పుడూ ఏ జవాబూ రాలేదు.

నూకరత్నం ఎనిమిది మంది ఆడకూలీలతో కూర్చుని, సిరా డబ్బాలో ఆకు అద్ది రిపోర్టు మీద ఒత్తింది.

“ఎవరిదానివే నువ్వు?” అంటుంది ఒకామె మొక్కను పట్టుకుని.

“కానుగోళ్ళ అమ్మాయి. నంబరు నాలుగు వేల ఎనభై,” అంటుంది పక్కామె.

“తంగేడుకి రెండు ముద్రలు పడ్డాయి నూకరత్నమ్మా.”

“ఉండనియ్యి. ఆకు సన్నం, ఒకటి వేస్తే ఆఫీసోళ్ళకి ఆనదు.”

ఉద్యోగులను సరుకు లారీలో తెస్తే గౌరవం కాదని దక్షిణామూర్తి అభ్యంతరం చెప్పడంతో, మున్సిపాలిటీయే బస్సులు పంపింది. కానుగలు కిటికీల పక్కన కూర్చుని కాలువ దాటాయి. టోల్ గేటు దగ్గర డ్రైవరు ఆపి, “అందరూ స్టాఫే,” అన్నాడు. వదిలేశారు.

దసరాకి తొమ్మిది రోజుల ముందు ఆఖరి బస్సు వెళ్ళింది. ఆసామి మిగతా రాళ్ళు పాతుకున్నాడు. వయ్యారిభామను సాగనంపడానికి దక్షిణామూర్తి మనసొప్పక, దాన్ని చెత్తకుప్ప దగ్గరికి బదిలీ చేశాడు. అది సొంత వీధికి వెళ్ళినట్టే సంతోషంగా వెళ్ళింది. రాష్ట్ర బృందం వచ్చింది, చూసింది, ఎవరూ తుమ్మలేదు. మెచ్చుకోలు పత్రం ఒకటి ఇచ్చి వెళ్ళింది.

ఆ తర్వాత చిన్న చిన్న చిక్కులు వచ్చాయి. నాలుగో ఏట రేల చెట్లు చైత్రంలో ఆకులన్నీ రాల్చేశాయి. అనుమతి లేకుండా విధులకు గైర్హాజరని మెమో పంపారు. మాతృసంస్థ తరఫున అబ్బులు వాటికి సగం జీతపు సెలవు పెట్టాడు. సెలవు మంజూరైన మూడో వారానికి రింగురోడ్డు పొడవునా చెట్టు నిండా పసుపుపచ్చని గెలలు వేలాడాయి. సెలవులో ఉండగా పూయడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధమా కాదా అన్న ఫైలు ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఫైలు పట్టుకెళ్ళే గుమస్తా కూడా రోజూ ఆ చెట్ల కిందే బండి ఆపుకుంటాడు.

ఐదేళ్ళు నిండాక డెప్యుటేషన్ ముగిసింది. అందరినీ మాతృసంస్థకు తిప్పి పంపాలి. దక్షిణామూర్తి రిలీవింగ్ ఉత్తర్వులు తీసి, ఒక్కొక్క చెట్టుకూ అంటించాడు. గడువు రోజు సాయంత్రం స్వయంగా వెళ్ళి చూశాడు. ఒక్క చెట్టూ కదల్లేదు.

“వెళ్ళమంటే వెళ్ళవేమండి?” అన్నాడు అబ్బులుతో.

“తమరిది పదహారో ఏడు కదండి,” అన్నాడు అబ్బులు.

దక్షిణామూర్తి కానుగ నీడలో బల్ల మీద కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, అక్కడే నోట్ రాశాడు: సదరు సిబ్బంది ఈ పరిధిలో ఎడతెగకుండా నాలుగేళ్ళకు మించి నివసించినందున స్థానికులైనారు, కావున వారిని ఈ సంస్థలో విలీనం చేసుకోవలెను, విలీనానికి పరిహారంగా మాతృసంస్థకు తలకు ముప్పై రూపాయలు చెల్లించవలెను. తనకు ఇంతకాలంగా ఎవరూ రాయని నోట్‌ను, ఆయన చెట్లకు రాశాడు. చివర చుక్క పెట్టి, దాన్ని ఒకసారి చదువుకున్నాడు. బాగుందని ఆయనకే అనిపించినట్టుంది.

పరిహారం చేతికొచ్చాక ఒక రాత్రి భోజనాల ముందు అబ్బులు భార్యకు లెక్క చెప్పాడు. వెళ్ళినవి పన్నెండు వేలు. పోయినవి పద్దెనిమిది వందల అరవై. నిలిచినవి పదివేల నూట నలభై. ఒక్కొక్కటీ ఐదేళ్ళు జీతం తెచ్చింది, ఆ పైన ధర కూడా తెచ్చింది. వాటితో కాలువ అవతల, పెదమల్లవరం పరిధిలోనే, ఎకరన్నర సొంత నేల వచ్చింది. ఇకమీదట అందులో మొలిచేదేదీ నాన్‌లోకల్ కాదు. రింగురోడ్డు మీద నీడ నాలుగున్నర కిలోమీటర్లు. ఎండాకాలం దాని కింద పుచ్చకాయలమ్మే బళ్ళు ఇరవై రెండు. కొత్తగా వచ్చిన పక్షులు చాలా ఉన్నాయి గాని, కుదురుగా కూర్చోవు గనుక తేలలేదు.

“డివైడరు మీద కానుగల కింద కాయలు రాలి, వాటంతటవే మొలిచినియ్యి కూడా ఉన్నాయి,” అన్నాడు. “మూడు వందల పద్దెనిమిది. దక్షిణామూర్తి గారికి చెప్పలేదు.”

“చెప్పకండి,” అంది నూకరత్నం. “పెరగనియ్యండి.”